కవిగారి పటంలో మా నాన్న

మొన్న కోడలి చెల్లెలు ఢిల్లీ నుంచి వస్తుంటే ఎదురెళ్దామని కోడలూ నేనూ గన్నవరం విమానాశ్రయానికి వెళ్ళాం. విమానం ఆలస్యమన్నారు. అటూ ఇటూ తిరుగుతుంటే గోడ మీద నిలువెత్తున కవిగారి వర్ణచిత్రం కనిపించింది. ఆయన పేరెందుకు లెండి, ఆ విశాలమైన నుదురూ కోటేరేసిన ముక్కూ చూస్తే మన వైపు వాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. గ్రంథాలయాల్లోనూ, బడి గోడల మీదా, కాలెండర్ల మీదా చూస్తూ మన తరమంతా ఆ ముఖం కిందే పెరిగాం. మనింట్లో ఉన్న పటమే కదా అత్తయ్యా అని కోడలు మురిసిపోయింది. అవునన్నాను. అది మా నాన్న ముఖమని మాత్రం నోరు తెరిచి చెప్పలేకపోయాను.

కవిగారు తాటాకుల కాలంనాటి మనిషి, ఎలా ఉండేవారో అసలెవరికీ తెలియదు, ఆయన్ని చూసి గీసిన బొమ్మంటూ ఏదీ లేదు. పటం లేక జయంతి సభ బోసిపోతోందని మా ఊరి గ్రంథాలయం పెద్దాయన, విజయవాడ వన్ టౌన్‌లో నాటకాలకు తెరలు గీసే ఒక చిత్రకారుడికి పని అప్పగించారు. మగ్గం నేసే మా నాన్న చీరల మూట భుజాన వేసుకుని అతనుండే వీధిలోని కొట్లకే వెళ్ళేవాడు. మూట దించి చెమట తుడుచుకుంటున్న నాన్నని చూసి, ఇన్నాళ్ళూ వెతుకుతున్న కవి దొరికాడని ఆ చిత్రకారుడు సంబరపడి, బతిమాలి కూర్చోబెట్టి, నాటకాల వాళ్ళ జరీ శాలువా కప్పి, అక్షరమ్ముక్క రాని మనిషి చేతిలో తాటాకులు పెట్టి మరీ గీశాడట. నేతపనివాడి ముఖమని తెలిస్తే నలుగురిలో పటానికి విలువ ఉండదని, ఎవరికీ చెప్పొద్దని పెద్దాయన మాట తీసుకున్నారు. నాన్న నవ్వుతూ మాటిచ్చి వచ్చాడు. తర్వాత ఆ పటమే అచ్చుపడి ఊరూరా పాకిపోయింది.

గొడవంతా అమ్మకే వచ్చిపడింది. బతికున్న మనిషి బొమ్మకి ఎవరైనా దండ వేస్తారా? ఏటా జయంతినాడు అక్కడ ఆ ముఖానికి బంతిపూల దండ వేసి హారతిస్తుంటే, ఇక్కడ అమ్మ పుస్తెలకి పసుపు రాసుకుని, పొద్దుగూకేదాకా నాన్నని గడప దాటనిచ్చేది కాదు. ఒకసారి మనసు ఆపుకోలేక పెద్దాయన ఇంటికి వెళ్ళి, పూజలెన్నైనా చేసుకోండి కానీ దండ మాత్రం వద్దని వేడుకుంది. ఆయన కోప్పడలేదు, చాలా మర్యాదగానే చెప్పారు.

"దండ వేసేది కవిగారికమ్మా, మీ ఆయనకి కాదు. మనసులో ఏం పెట్టుకోకండి."

బడిలో మా తెలుగు మాస్టారు ఆ పటం చూపించి, ఇదిరా మన కృష్ణా గడ్డ ముఖం, చదువు కళ ఉట్టిపడుతోంది చూడండి అని పొంగిపోయేవారు. జుట్టు నిండా నూలుపోగులతో నాన్న నాకు అన్నం క్యారేజీ తెచ్చినప్పుడు, వెనక గుమ్మంలో పెట్టి వెళ్ళమన్నదీ ఆ మాస్టారే. మా పేటలోవాళ్ళు కూడా పటానికి దణ్ణం పెట్టుకుని, మన ముఖాలకి ఆ కళ ఎక్కడిదిలే అనుకునేవాళ్ళు. నేను మాత్రం పటం వైపూ చూడలేక, గుమ్మం వైపూ చూడలేక, పలక మీద తల వంచుకునేదాన్ని.

నాన్న పోయినప్పుడు వెతికితే ఇంట్లో ఒక్క ఫొటో లేదు. పెద్దకర్మనాడు అమ్మ కాలెండరులోంచి కవిగారి బొమ్మ కత్తిరించి, పీట మీద నిలబెట్టి, ఇన్నేళ్ళూ వద్దని ఏడ్చిన దండ తన చేత్తోనే వేసింది. వచ్చినవాళ్ళు వింతగా చూశారు. మా మేనత్త వరస ఆవిడ ఉండబట్టలేక అడిగేసింది.

"అదేంటొదినా, కవిగారి బొమ్మ పెట్టావేంటి? అన్నయ్య ఫొటో ఒక్కటీ లేదా?"

మొగుడిచ్చిన మాట తప్పలేక అమ్మ లేదంది. నేను పక్కనే ఉన్నాను. ఆ బొమ్మే ఫ్రేము కట్టించుకుని అత్తవారింటికి తెచ్చుకున్నాను. మాది సాహిత్యమంటే ప్రాణమిచ్చే ఇల్లని కోడలు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. తద్దినం రోజున ఎవరూ చూడకుండా దణ్ణం పెట్టుకోవడం నాకు అలవాటైపోయింది. కన్నతండ్రికి దొంగచాటుగా దణ్ణం పెట్టుకునే కూతురు ఇంకెక్కడైనా ఉంటుందా!

ఆవేళ విమానాశ్రయంలో కోడలు నన్ను ఆ చిత్రం పక్కన నిలబెట్టి ఫోనులో ఫొటో తీసింది. తీసి చూసుకుని, అత్తయ్యా, ముక్కూ నుదురూ అచ్చం మీలాగే ఉన్నాయే అని నవ్వింది. మాట తీసుకున్న పెద్దాయనా లేరు, ఇచ్చిన నాన్నా లేడు. ఇప్పుడు చెబితే కాదనేవాళ్ళెవరు? కాలం ఎంతో మారింది. ఈమధ్య మా పేట కుర్రాడొకడు పద్యాల పుస్తకం వేసి, మగ్గం గుంటలో కూర్చుని తీయించుకున్న ఫొటోనే అట్ట మీద వేసుకున్నాడు. జనం ఆ పుస్తకం మీద సంతకం అడిగి మరీ తీసుకుంటున్నారు. వాడికి లేని సిగ్గు నాకెందుకో తెలియదు. మన వైపు వాళ్ళంతా ఒక్కలాగే ఉంటాంలే అని నేనూ నవ్వేసి, విమానం వచ్చిందేమో చూడమన్నాను.