దిగండమ్మ నిద్ర

ఆ కాలనీలో ఇరుగుపొరుగువాళ్ళు ఒకరినొకరు నిద్రలోనే ఎరుగుదురు. ఇంకా చీకటి విడవకముందే తలుపులకు తాళాలు పడతాయి. అందరూ పరుగులాంటి నడకతో స్టేషన్ దారి పడతారు. ఇక సాయంత్రం దాకా వీధిలో పిట్ట కూడా గట్టిగా అరవదు. ఆరేసిన బట్టలు ఎండి పెళుసెక్కినా తీసే దిక్కుండదు. చీకటి పడ్డాక అందరూ తిరిగొస్తారు, తింటారు, పడుకుంటారు. పక్కింటాయన పేరేమిటని అడిగితే తెల్లమొహం వేస్తారు. అదే, రైల్లో ఆయన ఏ పక్కకు తల వాలుస్తాడో, నోరు ఎంత మేర తెరుస్తాడో అడగండి, కళ్ళకు కట్టినట్టు చెబుతారు.

ఇదేం బతుకని వెక్కిరించడం తేలికే. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అంత దూరం ఊగుతూ వచ్చినవాళ్ళకే ఆ బడలిక తెలుస్తుంది.

ఇంతమంది నిద్రకూ కాపలా కాసేది ఒకావిడ. ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ పని ఆవిడది. దుప్పట్లు, డాక్టర్ల తెల్లకోట్లు, పగలంతా ఆవిర్లలో నిలబడే చేయాలి. నిజానికి ఆ రైలు పెట్టెలో నిద్రపోయే హక్కు ఎవరికైనా ఉందంటే ముందు ఆవిడకే ఉంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇంట్లోనే ఉండిపోయింది గాని, రైల్లో ఆవిడ పేరు దిగండమ్మ.

వాళ్ళ స్టేషన్ చివరిది కాదు. రైలు అక్కడ ఆగీ ఆగనట్టు ఆగి కదిలిపోతుంది. ఆ కాస్తలో మెలకువ రాలేదంటే ఇక ఫ్యాక్టరీలన్నీ దాటుకుని చివరి స్టేషన్ దాకా పోవాల్సిందే. అక్కడ తిరుగు రైలు కోసం పడిగాపులు పడి ఇల్లు చేరేసరికి పిల్లలు పడుకుంటారు, అన్నం చల్లారిపోతుంది. అందుకని కాలువ వంతెన మీద రైలు చప్పుడు మారగానే దిగండమ్మ లేచేది. "దిగండి, దిగండి, వచ్చేసింది" అంటూ పెట్టె ఈ చివరినుంచి ఆ చివరికి పోయేది.

అందరినీ ఒకే తీరున లేపితే కుదరదు. నర్సమ్మ భుజం తట్టకూడదు, రోగికేదో అయిందనుకుని గుండెదడతో లేస్తుంది. ఒళ్ళోని సంచి పట్టీని కొంచెం లాగితే చాలు. లెక్కల మాష్టారికి "బెల్లు కొట్టారండీ" అనాలి. గుర్రుబాబని అందరూ చాటుగా పిలుచుకునే భారీ మనిషి ఒకడున్నాడు. ఒకసారి లేపితే "ఆఁ" అని మళ్ళీ గురక అందుకుంటాడు. లేచి నిలబడేదాకా వాడి చొక్కా చెయ్యి వదలకూడదు. మేనేజరుగారినైతే అసలు ముట్టుకోకూడదు. ఎదురుగా నిలబడి చిన్నగా దగ్గాలి. ఆయన కళ్ళు తెరిచి, అసలు నిద్రే ఎరగనట్టు పేపరు మడుచుకుని దిగిపోతాడు. ఇన్నేళ్ళలో థాంక్స్ అన్న మాట ఆయన నోట రాలేదు. దిగండమ్మకు ఆ పట్టింపు లేదు. మనిషి దిగాడు కదా, అదే చాలనుకునేది.

ఎవరు పెట్టారు ఆవిడకీ పని? ఎవరూ పెట్టలేదు. భర్త పోయిన కొత్తలో ఒక సాయంత్రం ఏడ్చి ఏడ్చి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. కళ్ళు తెరిచేసరికి చివరి స్టేషన్. పెట్టెలో అంతసేపూ తనతో కూర్చున్నవాళ్ళంతా తన వీధివాళ్ళే. అందరూ దిగిపోయారు, ఒక్కరూ తట్టి లేపలేదు. ఆ ఖాళీ ప్లాట్‌ఫాం మీద కూర్చుని ఆవిడ పడ్డ బాధ ఇంతా అంతా కాదు. ఇంకొకరైతే ఆ కోపం జన్మంతా మోసుకు తిరిగేవాళ్ళు. ఆవిడ మాత్రం మర్నాటి నుంచి నిద్ర మానేసి అందరినీ లేపడం మొదలుపెట్టింది. ఎంత గొప్ప మనసైతే గాని మనిషికి అలా తోచదు.

రోజులు అలా నడుస్తుండగా ఆవిడ కాలి మీద పుండు లేచింది. ఏళ్ళ తరబడి నిలబడ్డ కాలు, నరాలు ఉబ్బి చీలమండ దగ్గర చితికింది. ఆసుపత్రి డాక్టరే చూసి మందు రాశాడు.

"సాయంత్రం డ్యూటీ దిగగానే వేసుకోవాలి, ఆలస్యం చేయకూడదు. కొంచెం నిద్ర ముంచుకొస్తుంది, ఫర్వాలేదు. అశ్రద్ధ చేస్తే మాత్రం కాలు దక్కదు," అన్నాడు.

నిద్ర అన్న మాటే ఆవిడ చెవిలో పడింది. మాత్ర సంచిలో పెట్టుకుని, రైలు దిగి, ఇంటికెళ్ళి, వంట చేసి అప్పుడు వేసుకునేది. పుండు మానకపోగా పెద్దదయింది. గడప దాటడానికి కూడా గోడ పట్టుకునే స్థితికొచ్చాక ఆ సంగతి అత్తగారి కంట పడింది.

ఆ అత్తగారు మామూలు మనిషి కాదు. పగలు కాలనీలో మిగిలేది ఆవిడ ఒక్కతే. ఎవరింటి ముందు అలికిడి అయినా బాల్కనీలోంచి "ఎవరది?" అని ఒక్క కేక వేస్తే దొంగైనా తన ఊరూ పేరూ చెప్పుకోవాల్సిందే.

"ఏమే, ఈ మాత్ర ఎప్పుడు వేసుకోమన్నాడు డాక్టరు?"

"సాయంత్రమేలే అత్తయ్యా."

"సాయంత్రం నువ్వు రైల్లో ఉంటావు. రైల్లో వేసుకుంటున్నావా?"

దిగండమ్మ కాలు చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది.

"నాకు తెలుసు. నీ మొహం చూస్తేనే తెలుస్తుంది. వాళ్ళకి లేని బాధ నీకెందుకే? నువ్వేమన్నా రైలుకి గంటవా? రేపు ఆ కాలు తీసేస్తే వాళ్ళలో ఒక్కడొచ్చి నిన్ను మోస్తాడా?"

"వాళ్ళని అనకండి అత్తయ్యా. నర్సమ్మ పిల్లాడు చిన్నవాడు, తల్లి వచ్చేదాకా ముద్ద ముట్టడట."

"నీకేమన్నా అయితే నేనెవరి చేతి ముద్ద తినాలి?" ముసలావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నా మీద ఒట్టు. రేపు రైలెక్కగానే వేసుకో."

అత్తగారి కంట నీరు చూడడం దిగండమ్మకు అదే మొదలు. సరేనంది.

మర్నాటి సాయంత్రం మాత్ర చేతిలో పట్టుకుని పెట్టె అంతా కలయజూసింది. అందరిలోకీ మేనేజరుగారే నయమనిపించింది, చేతిలో పేపరుంది కదా. దగ్గరికెళ్ళి చిన్నగా దగ్గింది.

"ఈ ఒక్క పూటా కాస్త అందరినీ లేపుతారా అండీ? నాకు ఒంట్లో బాగాలేదు."

"ఓస్, అదెంత పని," అన్నాడాయన.

ఆవిడ మాత్ర మింగి కిటికీకి తల ఆన్చింది. ఆ తర్వాత ఏమీ తెలియదు.

కళ్ళు తెరిచేసరికి రైలు ఆగి ఉంది. అదే ప్లాట్‌ఫాం, అదే ఫ్యాక్టరీ పొగ. మళ్ళీ వదిలేసి పోయారనుకుంది. లేచి చూస్తే పెట్టె పెట్టెంతా నిండుగా ఉంది. గుర్రుబాబు గురక పెడుతున్నాడు. మాష్టారు, నర్సమ్మ, అందరూ ఎక్కడివాళ్ళక్కడే. పేపరు మొహం మీద కప్పుకుని మేనేజరుగారు హాయిగా నిద్రపోతున్నారు.

ఆవిడ ఏడుపు ఆపుకుంటూ ఒక్కొక్కరినీ లేపింది. ప్లాట్‌ఫాం మీదికి దిగినవాళ్ళు లబోదిబోమన్నారు. నర్సమ్మ పిల్లాడికి ఫోన్ చేసి బతిమాలుతోంది. దిగండమ్మ తల దించుకుని నిలబడింది.

"తప్పు నాదే. మాత్ర వేసుకోకుండా ఉండాల్సింది."

"తప్పు మీది కాదండీ," అన్నాడు మేనేజరు. ఆయన మొహం కందగడ్డయింది. "చాలాసేపు మెలకువగానే ఉన్నాను. కన్ను మూతపడుతుంటే, ఫర్వాలేదులే, ఆవిడ వచ్చి దగ్గుతుంది కదా అనిపించింది. పని నాకే అప్పజెప్పారని తెలిసీ అలా అనిపించింది."

ఎవరూ నవ్వలేదు. ఆయనకు అప్పగించారు కదా అని తామూ నిశ్చింతగా కళ్ళు మూసుకున్నవాళ్ళే అందరూ.

నర్సమ్మ ఫోన్ పక్కన పెట్టి వంగి ఆవిడ కాలు చూసింది. చూసి అక్కడే నేల మీద కూలబడింది. "ఈ కాలితోనా ఇన్నాళ్ళూ మా చుట్టూ తిరిగావు అక్కా?"

తిరుగు రైలు ఎంతకీ రాలేదు. ఆ ప్లాట్‌ఫాం మీద ఆ కాలనీవాళ్ళు మొదటిసారి మెలకువతో ఒకరినొకరు చూసుకున్నారు. నర్సమ్మ ఇల్లు దిగండమ్మ ఇంటి వెనకే అని అప్పుడు తెలిసింది. గుర్రుబాబు మాష్టారి పైవాటాలో ఉంటాడట. ఆ గురక ఇంట్లోనూ తనకు తప్పలేదని మాష్టారు అప్పుడే కనిపెట్టాడు.

దిగండమ్మ ఇంటికి ఫోన్ చేసి, చివరి స్టేషన్‌లో ఉన్నామని చెప్పింది.

"అయితే మాత్ర వేసుకున్నావన్నమాట," అంది అత్తగారు సంబరంగా. "నెమ్మదిగా రా."

"రేపటినుంచి మేమే లేస్తాం, మీరు పడుకోండి," అన్నాడు గుర్రుబాబు. "అవునూ, మిమ్మల్ని ఎలా లేపాలి?"

ఆవిడ గుర్తుకు తెచ్చుకోబోయింది. ఇంట్లో అందరికంటే ముందు లేచేది తనే.

"తెలియదు బాబూ. నన్నెప్పుడూ ఎవరూ లేపలేదు."



మర్నాటి నుంచి వంతులు వేసుకున్నారు. ఆవిడ చేత దగ్గరుండి మాత్ర మింగించేవాళ్ళు. లేపడమే చేతకాలేదు. నుదుటి మీద చెయ్యి వేసినా, సంచి లాగినా, ఎంత మెల్లగా పిలిచినా ఆవిడ అదిరిపడి లేచి, "అయ్యో, అందరూ లేచారా?" అనేది. రోజూ అదే అదురు, అదే మాట.

పుండు మానుతూ వచ్చింది. మందు కూడా ఒంటికి అలవాటు పడింది. ఒక సాయంత్రం వంతెన మీద రైలు చప్పుడు మారగానే ఆవిడకు మెలకువ వచ్చేసింది. లేవబోయింది. చుట్టూ గుసగుసలు వినిపించాయి.

"తట్టకండి, బెదిరిపోతుంది."

"మరెలాగండీ? స్టేషన్ వచ్చేస్తోంది."

"కాస్త జరగండి, నేను చూస్తాను."

అది మేనేజరుగారి గొంతు. దిగండమ్మ కళ్ళు తెరవలేదు. తెరవాలనిపించలేదు. ఇంతమంది తన నిద్ర గురించి ఇంత ఆరాటపడుతుంటే ఇంకాసేపు వినాలనిపించింది.

ఎదురుగా ఎవరో నిలబడ్డ అలికిడి అయింది. చిన్నగా ఒక దగ్గు వినిపించింది. ఆ తర్వాత మేనేజరుగారు, ఎన్నడూ లేనంత మెత్తగా, "అందరం లేచామమ్మా," అన్నారు.

ఆవిడ నిదానంగా, ఏ అదురూ లేకుండా కళ్ళు తెరిచింది.