వాగు దారిలో కొండముచ్చులు

ఎనభైల మొదట్లో నేను హనుమకొండలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పేదాన్ని. కొండముచ్చుల మీద పరిశోధన చేస్తానంటే మా ప్రొఫెసర్ వెంటనే ఒప్పుకోలేదు. "ముందు రెండు రోజులు అడవిలో కూర్చుని రా. అడవి మారితే వాటి నడక ఎలా మారుతుందో నీ కంటితో ఒక్కటైనా చూసి చెప్పు" అన్నారు. ఏమీ చూడకుండా తిరిగొస్తే నా కోరిక అక్కడితో ఆగిపోయేదే.

ఫాల్గుణ మాసంలో ఒక శనివారం పొద్దున ఆరున్నరకు ములుగు బస్సెక్కాను. ఒక్కదాన్నే పంపడం ఇష్టంలేక ఇంట్లోవాళ్లు మా మేనత్త నర్సమ్మను తోడిచ్చారు. కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి. మగ్గం దిగి ఊరు దాటుతున్నందుకు ఆమెకు సంబరంగా ఉంది. ఒళ్లో కోడిపుంజుతో పక్కన కూర్చున్న పెద్దాయన ఎక్కడికని అడిగాడు.

"కొండముచ్చులను చూడనీకి పోతానం" అన్నది అత్త.

"వాటికోసం ఇంత దూరమెందుకమ్మా? మా ఇంటి పెంకుల మీదికి రోజూ వస్తయి."

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ఎనిమిదింటికి ములుగులో దిగి, ఉప్మా తిని చాయ్ తాగి, జీపులో అడవి అంచునున్న పస్రా చేరాం. అత్త దగ్గర జంపఖానాలు కొనే రైతు ముత్తయ్య ఇంట్లో మా బస. సంచులు అక్కడ పెట్టి అడవిలోకి నడిచాం.

ఆ రోజంతా నిరాశే. టేకు, తునికి చెట్లు ఆకు రాల్చేశాయి. ఎండుటాకుల మీద మేం అడుగేస్తే చాలు, పై నుంచి ఖక్కుమని ఒక కేక, ఆ వెంటనే మంద మాయం. సాయంత్రం ముత్తయ్య భార్య సమ్మక్క జొన్నరొట్టె, పచ్చిపులుసు పెడుతూ అడిగింది. "కనవడ్డయా చెల్లె?"

"తోకలే కనవడ్డయి అక్కా" అన్నాను.

మర్నాడు వెంటపడడం మానేశాను. మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోవాలి కనుక సంచులు వెంట తీసుకుని, రోడ్డు పక్క ఒక బండ మీద కదలకుండా కూర్చున్నాం. ఎనిమిది దాటాక మంద వచ్చి మోదుగు పూలు తినసాగింది. మమ్మల్ని చూసి కూడా పారిపోలేదు. ఎండ ముదిరేకొద్దీ నీడ కోసం వాగు వైపు కదిలింది. అక్కడ మద్ది, నేరేడు చెట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. కానీ మధ్యలో రోడ్డు. దాన్ని వెడల్పు చేయడానికి రెండు వైపులా చెట్లు కొట్టేశారు. అప్పటిదాకా కొమ్మ నుంచి కొమ్మకు ఆగకుండా సాగిన మంద, ఆ సందు దగ్గర ఒక్కచోట గుమిగూడింది. పెద్దవి ఒక్కొక్కటే దూకాయి. పొట్టను కరుచుకున్న నల్లని పిల్లతో ఒక తల్లి మాత్రం కొమ్మ చివరిదాకా రావడం, వెనక్కి పోవడం. చివరికి మాను పట్టుకుని కిందికి దిగింది.

అప్పుడే రోడ్డు మలుపులో బస్సు హారన్ వినిపించింది. నేను లేచేలోపే అత్త ఎదురెళ్లి రోడ్డు మధ్య చెయ్యెత్తి నిలబడింది. బస్సు కీచుమంటూ ఆగింది.

"ఏమైందవ్వా, పానం మీద ఆశ లేదా?" డ్రైవర్ గొంతులో కోపం.

"బాలింత దాటుతాంది. జర ఆగు బిడ్డా."

డ్రైవర్ తొంగిచూసి ఇంజను ఆపేశాడు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. తల్లి తోక పైకెత్తి, మమ్మల్నీ బస్సునూ ఒకసారి చూసి, పరుగున రోడ్డు దాటి మద్దిచెట్టెక్కింది. ముందే దాటిన ఆడ కొండముచ్చు ఒకటి దిగి వచ్చి పిల్లను తాకి చూసింది.

"మీరెటు పోవాలె?" డ్రైవర్ అడిగాడు.

"మేం ఎక్కాల్సింది ఈ బస్సే" అన్నాను.

"అయితే ఎక్కుండ్రి. ఇగ ఆపుడు లేదు."

ప్రొఫెసర్‌కు ఏం చెప్పాలో నాకు తెలిసిపోయింది. ఆకు రాలితే మంద వాగు వైపు నడుస్తుంది. కొమ్మ తెగితే నేలకు దిగుతుంది. మీలో ఎవరైనా అటు వెళితే నీళ్లు తీసుకెళ్లండి, వెంటపడకండి, కూర్చోండి. నన్నడిగితే ఆ అడవిలో చేయవలసిన పని అదే.

దారి పొడవునా నేను పైకే చూస్తూ వచ్చాను. అత్త కూడా కిటికీకి ఆనుకుని, కొమ్మలు కలిసిన చోటల్లా "ఇక్కడ దూకుతయి" అనీ, విడిపోయిన చోటల్లా "ఇక్కడ దిగాల్సిందే" అనీ ములుగు వచ్చేదాకా చెబుతూనే ఉంది.