పసుపు కుంకుమ సొమ్ము, నర్సింగ్ హోమ్ మంచం

2000 సంవత్సరం. కంప్యూటర్ల వైటూకే గండం గడిచి, సింగపూర్‌లో ఏ రైలెక్కినా ఓ తెలుగు మాట చెవిన పడుతున్న రోజులు. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట వచ్చిన నేను ఓ ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్‌గా చేరాను. రోగిని డిశ్చార్జి చేశాక ఎవరు చూస్తారు, ఖర్చెవరు పెడతారు, ప్రభుత్వ సాయం ఎంతొస్తుంది అన్నవి తేల్చడం మా పని. అప్పట్లో నాకు ఫారాలంటే మహా భక్తి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఫారాల మధ్య కూర్చున్న ఆ ఇరుకు ఆఫీసు గది మీద బెంగ కూడా కలుగుతుంది.

సింహాచలం అంకుల్ తంజోంగ్ పగార్ రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఆయన తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. భార్య నరసమ్మ ఆంటీకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఇద్దరు పట్టి ఒత్తిగిలిస్తే తప్ప కదలలేదు. నర్సింగ్ హోమ్‌లో ఒక మంచం ఉంది, శుక్రవారం దాకా ఆపుతామన్నారు. సబ్సిడీకి మీన్స్ టెస్ట్, అంటే కుటుంబం స్తోమతు చూడడం, తప్పదు. ఈమధ్య పెద్ద మొత్తం ఎవరికైనా బహుమతిగా ఇచ్చారా అని అడిగాను. లేదన్నారు అంకుల్. రాసేసుకున్నాను.

మర్నాడు బ్యాంకు పుస్తకం చూస్తే, దాచుకున్నదంతా ఆరు నెలల కిందట ఒక్కసారే తీసేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అంకుల్, నాతో అబద్ధమెందుకు చెప్పారు?"

"అబద్దమేటమ్మా? మా పద్మ ఫ్లాట్ కొనుక్కుంది, పసుపు కుంకుమ కింద ఇచ్చినాను. ఆడపిల్ల వాటా ఆడపిల్లకిస్తే అది బహుమతెలాగవుద్ది?"

ఆయన కల్లాకపటం లేకుండానే అన్నారు. పుట్టింటివారు పసుపు కుంకుమ పేరు చెప్పి ఇచ్చింది ఇచ్చినట్టే, ఇక దాని వంక చూడకూడదు. ఏ ఫారం రాసినవాడికి తెలుస్తుంది ఈ సంగతి?

కూతురు పద్మది పాయా లెబార్ పేటలో కంప్యూటర్ ఉద్యోగం. నేను ఫోన్ చేస్తే పరుగున వచ్చింది.

"అక్కా, నాకు టాక్స్ పడుతుందా?"

"ఇక్కడ గిఫ్ట్ టాక్స్ లేదమ్మా. ఎస్టేట్ డ్యూటీ అని, చనిపోయినవారి ఆస్తి మీద పన్ను ఒకటుంది, కానీ అది పెద్ద ఆస్తులవాళ్ల బెడద. సాయం సంగతి వేరు. నాన్న ఇచ్చేసి చేతులు దులుపుకున్నంత మాత్రాన సరిపోదు, నీ జీతమూ చూస్తారు. సబ్సిడీ తగ్గుతుంది. మిగతాది నువ్వు కట్టాలి."

"పే చేస్తాను లా," అంది సింగపూర్ యాసలో. "అందులో ఏముంది?"

అంకుల్ ససేమిరా అన్నారు. "ఇచ్చింది ఎనక్కి తీసుకుంటే ఆ ఇంటికి అరిష్టం. కూతురి సొమ్ము తినే గతి నాకింకా పట్టలేదు. ఇంటికి తీసుకుపోయి నానే చూసుకుంటాను."

డెబ్బై దాటిన మనిషి. ఒక్కడూ ఆవిడను లేపబోతే ఇద్దరూ పడతారు. ఒత్తిగిలించకుండా వదిలేస్తే వారం తిరక్కుండా వీపు పుండవుతుంది. గురువారం మధ్యాహ్నం వార్డులో తండ్రి మంచానికి అటు, కూతురు ఇటు నిలబడి వాదులాడుకుంటున్నారు. మధ్యలో నేను నా ఫారంతో.

ఆంటీ ఎడమచేత్తో మంచం కమ్మీ మీద తట్టింది. మాట ముద్దగా ఉన్నా ఒక్కొక్కటే తెలిసింది.

"నాను ఇరవయ్యేళ్లు ఇడ్లీలేసి అమ్మిన డబ్బులు కూడా అందులో ఉన్నాయి. ఇచ్చినప్పుడు నన్నడిగినావేటి?"

అంకుల్ ఏదో సర్దిచెప్పబోయారు. ఆంటీ ఆగలేదు.

"పుచ్చుకోడానికి నిన్ను నానడగను. పద్దమ్మా, కట్టీమ్మా."

పద్మ ఏడ్చేసింది. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాగితాలు సరిచేసి ఆ సాయంత్రమే పంపాను, మంచం దక్కింది.

పెద్ద మొత్తం పిల్లలకిచ్చే ముందు వైద్యానికీ సంరక్షణకూ కొంత అట్టేపెట్టుకోండని తర్వాత ఎందరికో చెప్పాను. ఆ మాట ఎవరైనా చెబుతారు. నేను నేర్చుకున్నది వేరు. ఆ గురువారం రాత్రి, భార్యనడక్కుండా ఇచ్చాడని అంకుల్‌ని మనసులో తిట్టుకుంటూ ఇంటికెళ్లానా, అన్నం ముందు కూర్చున్నాక తట్టింది. ఆవిడ వార్డులో ఉన్న రెండు వారాలూ రోజూ ఆ మంచం పక్కనే నిలబడ్డాను. నేనూ ఆవిడను ఒక్క మాట అడగలేదు.