ఏడికి పోతడు, ఈడనే ఉంటడు

మా పెదబాపు, అంటే మా నాన్న వాళ్ల అన్న, మొన్న మంగళవారం పొద్దున లాల్‌దర్వాజాలోని ఇంట్లోనే కన్నుమూశాడు. మీలో చాలామందికి ఆయన తెలియదు. ఆయన మాట మాత్రం మీ నోట ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఫోన్ కనబడకపోయినా, అల్లుడు అలిగి వెళ్లిపోయినా "ఏడికి పోతడు, ఈడనే ఉంటడు" అని నవ్వుతారే, ఆ మాట పుట్టింది మా పెదబాపు దగ్గరే. కన్నవాడెవరో తెలియకుండా అది ఊరి మీద తిరగడం నాకిష్టం లేదు. అందుకే రాస్తున్నాను.

ఆయన బస్సు డిపోలో మెకానిక్. బోనాల జాతర రోజు సెలవు పెట్టి, తప్పిపోయిన పిల్లల కోసం వేసే పందిట్లో మైకు ముందు కూర్చునేవాడు. మొదటి ఏడాదే ఒక తండ్రి, కొడుకు కనబడటం లేదని గుండెలు బాదుకుంటూ వచ్చాడట. పెదబాపు అతని భుజం మీద చెయ్యేసి, "ఫికర్ జెయ్యకు తమ్మీ. ఏడికి పోతడు, ఈడనే ఉంటడు" అన్నాడు. మైకు ఆన్‌లో ఉందని ఆయనకు తెలియదు. వీధి వీధంతా విన్నది. కాసేపటికే పిల్లవాడు గాజుల బండి దగ్గర దొరికాడు. ఇక అప్పటి నుంచి పందిట్లోకి ఏడుస్తూ ఎవరొచ్చినా అదే మాట, అదే గొంతు.

బస్తీలో మాట ఒకచోట ఆగుతుందా? గ్యాస్ బండ రాకపోతే అదే, పెళ్లిలో చెప్పులు పోతే అదే. మా సందు చివరి ఛాయ్ హోటల్ భాయ్ అయితే, పనికి రాని వంటవాడి గురించి అదే మాటను తన హిందీలో "కహాఁ జాతా, యహీంచ్ రహతా" అనేవాడు. పెదబాపు మురిసిపోయేవాడు. తర్వాత ఎవరో కుర్రాడు దాని మీద కామెడీ రీల్ చేశాడు. అంతే, టీషర్టుల దాకా పోయింది.

ఆ కుర్రాడే ఒకసారి ఇంటికొచ్చి, ఫోన్ ముందు ఆ మాట ఒక్కసారి అనమని అడిగాడు.

"ఎవరి పిల్లగాడన్న తప్పిపోయిండా?" అన్నాడు పెదబాపు.

"లేదంకుల్, ఉత్తగనే."

"ఉత్తగ అననీకి అది డైలాగ్ కాదు బేటా. ఛాయ్ తాగి పో."

నిజమే. ఇంట్లో కళ్లద్దాలు పోయినా ఆయన ఆ మాట అనేవాడు కాదు. నాకే మండేది. "నీ మాట పట్టుకొని అందరు నవ్వుతుండ్రు, గమ్మునుంటవేంది?" అంటే, "నవ్వనీ రా. వాడితే అరిగిపోనీకి మాటేమన్న కాలి చెప్పా?" అనేవాడు. ఎప్పుడూ అదే ధీమా. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన అంచనా తప్పింది.

కిందటి బోనాలకు ఆయాసం ఉన్నా వచ్చి కూర్చున్నాడు. నేను పక్కనే ఉన్నాను. గౌలిపుర నుంచి వచ్చిన ఒకామె, బిడ్డ కనబడటం లేదని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పెదబాపు మైకు అందుకున్నాడు.

"ఫికర్ జెయ్యకమ్మా. ఏడికి పోతది, ఈడనే ఉంటది."

వీధంతా గొల్లుమంది. ఈలలు. ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు. ఆ తల్లి బిత్తరపోయి మా మొహాలు చూసింది. తన బిడ్డ తప్పిపోతే వీళ్లకు నవ్వెట్లా వస్తోందో ఆమెకు అర్థం కాలేదు. ఒళ్లు మండిపోయి నేను లేచాను. పెదబాపు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"లొల్లి ఎందుకు రా? ఆ మాట ఇగ వాళ్లదైంది. ఉంచుకోనీ. మనకు పిల్ల దొరకాలె."

మైకు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే పిలువమ్మా. ఇంట్ల ఎట్ల పిలుస్తవో గట్లనే."

"మున్నీ..." అందామె. మైకును నోటికి దగ్గరగా జరుపుకుంది. మళ్లీ, "మున్నీ, అమ్మను బిడ్డా, ఈడున్న" అంది.

నవ్వులు ఆగిపోయాయి. డప్పులవాళ్లు చేతులు ఆపారు. ఈలలు వేసినవాళ్లే వంగి, పక్కవాళ్ల కాళ్ల మధ్య వెతకసాగారు. చాలాసేపటికి, దూరంగా, పచ్చ లంగా కట్టుకున్న పిల్లను ఎవరో రెండు చేతుల్తో జనం తలల పైకి ఎత్తి పట్టుకున్నారు.

బిడ్డ కళ్లకు కనబడుతున్నా ఆ తల్లి పిలవడం ఆపలేదు. మైకు పట్టుకునే జనంలోకి నడిచింది. మా పెదబాపు ఆయాసపడుతూ నిలబడి, ఆమె ఎంత దూరం పోతే అంత వైరు వదులుతున్నాడు.