ఇతరముల గడిలో డ్రాప్సీ

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డ్రాప్సీ అన్న మాటకు అర్థం తెలిశాక కూడా నేను ఎనిమిది రోజులు నోరు విప్పలేదు. డైరీలో మాత్రం రాసుకున్నాను.

నిరుడు వేసవిలో పలాస దగ్గర ఒక పాత మిషన్ ఆసుపత్రిలో డేటా ఎంట్రీ ఆపరేటరుగా కాంట్రాక్టు మీద చేరాను. బ్రిటిషు కాలం నాటి రోగుల రిజిస్టర్లను కంప్యూటరుకు ఎక్కించడం పని. ఒక్కో వరుసలో పేరు, ఊరు, జబ్బు, చివరికి ఏమైందన్నది ఉంటాయి. జబ్బులకు ముందే ఒక జాబితా ఉంది. అందులో లేని మాట వస్తే ‘ఇతరములు’ అన్న గడి నొక్కాలి. రికార్డుల గుమాస్తా దేవదానం గారి ఆదేశం అది.

డ్రాప్సీ జాబితాలో లేదు. తీరపు ఊళ్ళ పేజీల్లో మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చింది. నాలుగు రోజులు ఇతరములు నొక్కుతూ పోయాను. ఐదో రోజు ఉండబట్టలేక బీరువాలోని లావుపాటి నిఘంటువు తీశాను. గ్రీకులో నీటికున్న మాట నుంచి పుట్టి, లాటిన్, ఫ్రెంచిల మీదుగా వచ్చిందట. దారిలో మొదటి అక్షరం రాలిపోయి ఈ పొట్టి రూపం మిగిలిందట. అర్థం, ఒంట్లో నీరు చేరి వాచిపోవడం. గుండె చెడినా, కాలేయం చెడినా, మూత్రపిండాలు చెడినా రావచ్చు. పాత వైద్యులు కంటికి కనిపించిందే రాశారు.

కాబట్టి ఆ వరుసలన్నీ ఇప్పుడు మా ఉద్దానం పల్లెలను పట్టిన కిడ్నీ జబ్బేనని చెప్పలేం. అయినా ఆ పేజీలోని ఊళ్ళ పేర్లు మళ్ళీ మొదటి నుంచి చదివాను.

అప్పుడే ఆయా నూకాలమ్మ టీ తెచ్చింది. ఆమె కాళ్ళకు మెట్టెలు లేవు. చెప్పు విడిచినా పట్టీ దిగినచోట గాడి అలాగే ఉంది.

“మెట్టెలేవప్పా?” అన్నాను.

“బిగుసుకుపోతన్నాయి సెల్లీ, కొంగున ముడేసినాను. మా ఆయన సూత్తే, ‘నానింకా సావలేదే’ అని ఎగిరిపడతాడు,” అని నవ్వింది.

మా ఉద్దానంలో ఆ జబ్బు పేరు ఎవరూ ముందుగా పలకరు. పలికినవాళ్ళే దాన్ని ఇంటికి తెచ్చినట్టు చూస్తారు. పైగా నేను డాక్టరును కాను. నిఘంటువు చూసి మనిషికి రోగం అంటగడతానా? రోజూ ఆ గాడిని చూసి, రోజూ తల దించుకుని టైపు చేశాను.

నిఘంటువు తీసిన నాటి నుంచి తొమ్మిదో రోజు ఆమె కళ్ళ కింద కూడా వాపు కనిపించింది. క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమన్నాను.

“ఎండలో తిరిగితే కాళ్ళు పొంగవేటి? పొత్తకాల డాక్టరమ్మ బయల్దేరింది!” అంది. కానీ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది.

మూత్రపిండాలు వడగట్టవలసిన వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష అది. కాగితం మీది అంకె ఉండవలసిన దానికి చాలా పైన ఉంది. వాపు ఎన్నాళ్ళుగా ఉందని డాక్టరు గారు అడిగారు. నేను నేల చూశాను. డయాలసిస్ దాకా రాలేదని, ఇకమీద ఒక్క వారం కూడా పోగొట్టుకోకూడదని ఆయన అన్నారు.

ఆ సాయంత్రం దేవదానం గారి అనుమతితో ఇతరముల్లో వేసిన ఆ వరుసలు మళ్ళీ తెరిచి, ఒక్కొక్కదానికి డ్రాప్సీ అని రాశాను. తెలియని మాటను పక్కకు నెట్టకూడదని, తెలిసినదాన్ని దాచుకోకూడదని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. మొదటిదాన్ని మాత్రమే సరిదిద్దగలిగాను.

టెక్కలి ఆసుపత్రికి వెళ్ళే ఆటో ఎక్కబోతూ నూకాలమ్మ నా చేయి పట్టుకుంది. ఆ తరువాత ఆమెను నేను చూడలేదు. అప్పుడామె అన్నది ఇది:

“సూసిన రోజే సెప్పీసినావు సెల్లీ. ఇంకొకరైతే నాకెందుకులే అని ఊరుకుందురు.”