మస్కట్ నుంచి చూసిన బడి తొవ్వ

నాలుగో తరగతికి వచ్చాక మా బిడ్డకు ఒక పిచ్చి పట్టింది. ఆటో మానేసి బడికి ఒక్కతే నడుచుకుంటూ పోవాలట. పెద్దపల్లిలో మా ఇంటి నుంచి బడి దగ్గరే. ఆటోకే అది దూరం, ఎందుకంటే పిల్లలను పోగేసుకుంటూ ఊరంతా తిరిగి పోతుంది. అందులో మా పిల్ల ఎవరి ఒళ్లో కూర్చుంటుందో, ఎవరి సంచి దాని మూతి మీద పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. నాకైతే నడక ఇష్టమే. కానీ మా ఇంట్లో హుకుం మస్కట్ నుంచి రావాలి.

మా ఆయన అక్కడ రోడ్ల పక్కన ఫుట్‌పాత్ టైల్స్ వేస్తాడు. సంగతి చెప్పగానే, "జర ఆగుండ్రి. ముందుగాల గా తొవ్వ నాకు సూపెట్టుండ్రి. సూసినంకనే చెప్త" అన్నాడు.

ఆయనకు శుక్రవారం సెలవు. ఆ పొద్దున వీడియో కాల్ కలిపి ముగ్గురం బయలుదేరాం. ముగ్గురం అన్నాను గానీ, ఆయన రూములో ఉండేవాళ్లంతా ఫోను ముందు చేరారు. జగిత్యాల నుంచి పోయిన అన్న ఒకరు, నిర్మల్ నుంచి పోయిన అన్న ఇంకొకరు, వెనకాల పళ్లు తోముకుంటూ ఇంకెవరో. నా పెళ్లిచూపులకు కూడా ఇంతమంది రాలేదు!

నేను ఫోను ఎత్తి పట్టుకుని దుకాణాల బోర్డులు, కరెంటు తీగలు చూపించాను. "మంచిగనే ఉన్నది గదనే" అన్నాడు మా ఆయన. పిల్ల సంబరం పట్టలేక, "నేను సూపెడ్త బాపూ!" అని ఫోను లాక్కుంది. అక్కడే చెడింది.

ఫోను దాని ఎత్తుకు దిగగానే తొవ్వ మారిపోయింది. ఫోనులోకి తొంగి చూస్తే బండ్ల సైలెన్సర్లు, బర్రె పొట్ట, బజ్జీల బండి కింద సిలిండర్. మోరీ కాలువ మీది బండల నిండా బైకులు పెట్టారు, పిల్ల రోడ్డు మీదికి దిగక తప్పదు. మూల మీద ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంది. దాని మీదుగా నాకు అవతలి బండ్లు కనిపిస్తాయి. మా పిల్లకు నాయకుడి తెల్ల బూట్లు తప్ప ఇంకేమీ కనిపించవు. అది దాటితే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టారు.

"గవి ఎవలి వడ్లు చెల్లే? ఇంక ఎండలే గద!" అన్నాడు జగిత్యాల అన్న.

"వడ్ల ఫికర్ నీకెందుకన్నా, పిల్ల సంగతి సూడుండ్రి" అన్నాను.

బడి గేటు దగ్గర ఒక ఆటో వెనక్కి వస్తోంది. "ఆపూ!" అని మస్కట్ నుంచి మా ఆయన ఒక్క కేక పెట్టాడు. ఆటో అతను బ్రేకు వేసి దిగి, చుట్టూ చూశాడు.

"ఎవలక్కా మొత్తుకున్నది?"

"మా ఆయన."

"ఏడున్నడు?"

"మస్కట్ల."

అతను నన్ను ఎగాదిగా చూసి మళ్లీ ఆటో ఎక్కాడు.

"వద్దు. ఆటోలనే పోనీ" అన్నాడు మా ఆయన. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు మండింది. "ఆడ ఎవల పిల్లలో నడిచేటందుకు టైల్స్ ఏస్తవ్. నీ పిల్ల ఆటోల ముడుసుకొని పోవాల్నా?" అనేశాను.

ఆయన కాస్త దిగొచ్చి అన్నాడు, "సరే, నడువనీ. గని రోజు ఫోన్ మెడల ఏసుకోవాలె. నేను సూసుకుంట ఎంబడొస్త."

పిల్ల ముక్కు తుడుచుకుంది. "నువ్వొస్తే నేను ఒక్కదాన్నే పోయినట్టెట్లయితది బాపూ?"

రూమంతా ఘొల్లుమంది. అందరికంటే ఆఖరున ఆయన నవ్వాడు. "పో బిడ్డా, ఒక్కదానివే పో."

ఆ సాయంత్రం ఫ్లెక్సీని కింది నుంచి మడిచి పైకి కట్టేశాను. నాయకుడికి ఇప్పుడు కాళ్లు లేవు, మా పిల్లకు బండ్లు కనిపిస్తాయి. బైకులవాళ్లతోనూ, వడ్లాయనతోనూ కొట్లాట ఇంకా నడుస్తూనే ఉంది.

సోమవారం అది ఒక్కతే బయలుదేరింది. వీపు మీద సంచి ఎగిరెగిరి పడుతోంది. ఒక్కసారైనా తిరిగి చూస్తుందని గుమ్మంలో నిలబడ్డాను. చూడలేదు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంతలో ఫోను మోగింది. అవతల పని చప్పుడు.

"పోయిందా?"

"పోయింది."

"ఎన్కకు సూసిందా?"

"మూల తిరిగేదాక సూసుకుంటనే పోయింది" అన్నాను.