అవ్వ చేతుల చేపల వాసన

నా చిన్నప్పుడు జరిగింది ఏదైనా నేను చెబితే, చెప్పిన ప్రతిసారీ జానెడు పెరుగుతుంది. ముందే ఒప్పుకుంటున్నాను కాబట్టి తర్వాత నన్నెవరూ నిలదీయకూడదు.

ఉదయగిరి దగ్గర మా ఊళ్లో నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఉండేది. అందరూ తలా ఒక ముక్క తీసుకునే ఆ రొట్టెను ఒక్కో నెల ఒక్కో ఇంటివాళ్లు చేసివ్వాలి. మా అవ్వ తన వంతు కోసం నేను పుట్టకముందు నుంచీ ఎదురుచూస్తోంది. వంతు వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్లు. సరిగ్గా ముందురోజు సాయంత్రం మామయ్య ఆత్మకూరు నుంచి సోమశిల చేపను మోసుకొచ్చాడు. బస్సులో దానికీ ఒక సీటు పట్టిందంటే ఎంత చేపో ఊహించుకోండి. పొలుసు గీకింది అవ్వ, తోక పట్టుకున్నది నేను.

తెల్లవారి పిండి కలపబోతూ అవ్వ తన చేతులు వాసన చూసుకుని ఆగిపోయింది. అంతలో పక్కింటి పెద్దమ్మ వాకిట్లోంచే, "ఏందత్తా, రాత్రి మీ ఇంట్లో చేపల పులుసంట గదా. రొట్టె నేను చేసిస్తాలే" అంది. ఆ గొంతులో సాయం కంటే సంబరమే ఎక్కువ.

"కాసేపాగి రా, చెప్తా" అంది అవ్వ.

చింతపండులో ఉప్పు కలిపి గోళ్ల సందుల దాకా రుద్ది కడిగింది. తన ముక్కు మీద నమ్మకం పోయి, వాసన చూసే ఉద్యోగం నాకిచ్చింది. కలిగిరిలో తిరగమోత పెడితే మా ఊళ్లో తుమ్మే ముక్కు నాది. అవ్వ అరచేతిని నా రెండు చేతులతో పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను.

"ఉండాదవ్వా."

బూడిదతో రుద్దింది. ఉండాది. నిమ్మతొక్కతో రుద్దింది.

"ఏందిరా, ఇంకానా?"

"ఇంకా ఉండాది."

ఏడుసార్లు కడిగింది. చివరికి పొయ్యి పక్కన కూలబడి, "పోరా, పెద్దమ్మను పిల్చుకరా" అంది. అవ్వ గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు.

నేను లేచాను. అవ్వ చూపు నా చేతుల మీద పడింది.

"నిలబడు. రాత్రి నీ చేతులు యాడ కడిగినావురా?"

"నిక్కరుకు తుడిచినా."

అవ్వ నా చేతులు గుంజుకుని, తోలు మిగులుతుందో లేదో అన్నంతగా చింతపండుతో తోమింది. కడిగి, తన అరచేయి మళ్లీ నా ముక్కు ముందు పెట్టింది. చింతపండు తప్ప మరే వాసనా లేదు.

"ఇంతసేపూ నీ కంపు నాకు అంటగట్టినావు గదరా" అని పిండి ముందుకు జరుపుకుంది. పెద్దమ్మ తిరిగొచ్చేసరికి రొట్టె పెనం మీద ఉంది.

చర్చిలో అయ్యగారు రొట్టె విరిచి పంచారు. పెద్దమ్మ తన ముక్కను నోటికంటే ముందు ముక్కు దగ్గరికి తీసుకుపోయింది. ఏమీ దొరక్క నోట్లో వేసుకుంది. బాప్తిస్మం కాలేదు గనుక నాకు ముక్క రాలేదు. అయినా నిటారుగా కూర్చున్న అవ్వను చూస్తుంటే కడుపు నిండిపోయింది.

ఇప్పుడు మా ఇంట్లో చేపల పులుసు నా చేతిదే. ఎవరి మీదైనా ముక్కు చిట్లించాలనిపిస్తే ముందు నా చేతులు వాసన చూసుకుంటాను. చాలాసార్లు మాట అక్కడితోనే ఆగిపోతుంది.

ఇక నేను కల్పించిన సంగతి. అవ్వ ఏడుసార్లు కడగలేదు, మూడుసార్లే. మూడింటికే వంతు వదులుకోబోయిందంటే ఆమె పట్టుదల తక్కువగా కనిపిస్తుందని, నాలుగు నేనే కలిపాను.